స్థూలకాయ శస్త్రచికిత్స – ముందటి సన్నాహము

బరువు తగ్గించుటకై జీర్ణాశయము మీద చేయు శస్త్రచికిత్సను గూర్చి నేడు మన పట్టణములలో తఱచుగా వినుచున్నాము. దీనిని గూర్చి జనులలో రెండు అపోహలు కలవు. ఇది సోమరులు వెదకికొనిన అడ్డదారి యనునది మొదటిది. రోగి బల్లమీద పడుకొన్నచాలును, తక్కినదంతయు డాక్టరు చూచుకొనుననునది రెండవది. ఈ రెండవ అపోహ వలన ప్రాణమునకే చేటు కలుగవచ్చును. శస్త్రచికిత్స జరుగునది ఒకటి రెండు గంటలసేపే. దానికి శరీరమును, మనస్సును సిద్ధపఱచుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును.

ఈ చికిత్స కొత్తది కాదు. 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో క్రెమెన్, లిన్నర్ అను శస్త్రవైద్యులు చిన్నప్రేవులో చాల భాగమును ప్రక్కకు తప్పించి, ఆహారము దానిగుండా పోకుండునట్లు చేసిరి. ఈ పద్ధతిలో బరువు తగ్గినమాట నిజమే. కాని ఎడతెగని విరేచనములు, మూత్రపిండములలో రాళ్లు, కొందఱికి కాలేయము చెడిపోవుట మొదలగు బాధలు కలుగుటచే దానిని తరువాత మానివేసిరి. 1966లో అయోవా విశ్వవిద్యాలయములో ఎడ్వర్డ్ మేసన్ జీర్ణాశయము పైభాగమును చిన్న సంచిగా విడదీసి ప్రేవునకు కలిపెను. నేడు ఆ పద్ధతి మెరుగుపడిన రూపములో ఉన్నది. దానికి తోడు, జీర్ణాశయమును నిలువుగా కోసి నాలుగింట మూడు వంతులకు పైగా తీసివేసి, అరటికాయ వంటి సన్నని గొట్టముగా మిగుల్చు పద్ధతి మిక్కిలి వ్యాప్తిలో కలదు.

ఎవరికి ఈ చికిత్స అవసరమో తెలిసికొనుటకు శరీర ద్రవ్యరాశి సూచికను వాడుదురు. కిలోగ్రాములలో బరువును, మీటర్లలో ఎత్తు యొక్క వర్గముచేత భాగించిన వచ్చునదే ఆ సూచిక. బెల్జియము దేశపు గణితవేత్త కెట్లే పందొమ్మిదవ శతాబ్దములో ఈ లెక్కను కట్టెను. 1972లో ఏన్సెల్ కీస్ దీనికి ఇప్పటి పేరు పెట్టెను. 1.60 మీటర్ల ఎత్తు, 96 కిలోల బరువు గల వ్యక్తికి 96ను 2.56చే భాగింపగా 37.5 వచ్చును. మన దేశములో చాలకాలముగా 37.5 దాటినవారికి, లేదా 32.5 దాటి మధుమేహము, రక్తపుపోటు వంటి వ్యాధులు కూడ ఉన్నవారికి ఈ చికిత్సను సూచించుచున్నారు. 2022లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకములు ఈ హద్దులను ఇంకను తగ్గించినవి. పాశ్చాత్యుల హద్దులకన్న మనవి తక్కువగా ఉండుటకు కారణము కలదు: అదే సూచిక వద్ద మనవారి శరీరములో క్రొవ్వు పాలు ఎక్కువ, అదియు పొట్టచుట్టు చేరును.

నోరు కట్టుకొన్న చాలదా యని అడుగువారు కలరు. కొంతవఱకు చాలును. కాని బరువు తగ్గినకొలది శరీరము ఎదురు తిరుగును. క్రొవ్వు కణములు లెప్టిన్ అను హార్మోనును స్రవించుననియు, అది మెదడునకు నిలువ యెంత యున్నదో తెలుపుననియు 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము కనుగొనెను. క్రొవ్వు కరగగానే లెప్టిన్ తగ్గును. మెదడు దానిని కరవుగా భావించి ఆకలిని పెంచును. 1999లో జపానులో కోజిమా, కంగావా కనుగొనిన గ్రెలిన్ అను హార్మోను జీర్ణాశయము పైభాగమున పుట్టి ఆకలిని రేపును. శస్త్రచికిత్స సంచిని చిన్నది చేయుటయే కాక ఈ హార్మోనుల సమతూకమును కూడ మార్చును. మన తరగతి గదులలో లావుపాటి పిల్లవానికి పేరుపెట్టి నవ్వు అలవాటు ఇంకను పోలేదు. లెప్టిన్ పాఠము చెప్పిన ఉపాధ్యాయుడు ఆ నవ్వును ఆపినచో బాగుండును.

ఇక సన్నాహమునకు వత్తము. మొదట చెప్పవలసినది కాలేయమును గూర్చి. కాలేయపు ఎడమభాగము జీర్ణాశయము పైభాగమును కప్పియుండును. శస్త్రవైద్యుడు పొట్టపై చిన్న చిన్న రంధ్రములు చేసి, లోపలికి బొగ్గుపులుసు వాయువును నింపి, సన్నని పరికరములతో పని చేయును. జీర్ణాశయము కనబడవలెనన్న కాలేయమును పైకెత్తి పట్టవలెను. స్థూలకాయులలో చాలమందికి కాలేయము క్రొవ్వు పట్టి ఉబ్బి, బరువెక్కి, ముట్టుకొన్న చిట్లునట్లుండును. దానిని ఎత్తుట కష్టము. ఎత్తినచో రక్తము కారవచ్చును. ఒక్కొక్కప్పుడు రంధ్రముల పద్ధతిని మాని పొట్టను పెద్దగా కోయవలసివచ్చును.

దీనికి ఉపాయము ఆహారమే. శస్త్రచికిత్సకు ముందు రెండు మొదలు నాలుగు వారములపాటు దినమునకు 800 మొదలు 1000 కాలరీలకు మించకుండ, పిండిపదార్థములు తక్కువగాను మాంసకృత్తులు తగినంతగాను ఉండునట్లు భుజింపవలెను. కాలేయము పిండిపదార్థమును గ్లైకోజెన్ రూపమున దాచుకొనును. ఒక గ్రాము గ్లైకోజెనుతో బాటు సుమారు మూడు గ్రాముల నీరు నిలిచియుండును. ఆ నిలువ ఖర్చుకాగానే నీరును పోవును. వెంటనే కాలేయములోని క్రొవ్వు కూడ కరగనారంభించును. మొదటి రెండు వారములలోనే కాలేయము చాలవఱకు కుంచించుకొనును. ఏ పథ్యములోనైనను మొదటి వారమున తూకము గబగబ తగ్గుటకు కారణము ఈ నీరే. దానిని చూచి మురిసిపోవలసినది లేదు.

బియ్యము మాని గోధుమ రొట్టెయో రాగి సంకటియో తిన్నచో పిండిపదార్థము తప్పినదని పలువురి భ్రమ. ఈ ధాన్యములన్నిటిలోను బరువులో సుమారు మూడింట రెండు వంతులో, అంతకు మించియో పిండియే. ఆ వారములలో పలుచని మజ్జిగ, గ్రుడ్డు తెల్లసొన, పెసరకట్టు, ఆకుకూరలు వంటివి, డాక్టరు చెప్పిన కొలతలో, ఉపయోగపడును. ఇచ్చట ఒక హెచ్చరిక. మధుమేహమునకు ఇన్సులిన్ గాని కొన్ని మాత్రలు గాని వాడువారు ఆహారము హఠాత్తుగా తగ్గించి మందు మాత్రము మునుపటివలెనే వేసికొన్నచో రక్తములో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. చక్కెరను మూత్రములోనికి పంపు కొత్తరకపు మాత్రలను శస్త్రచికిత్సకు మూడు నాలుగు దినములు ముందే ఆపించుదురు. కావున మందుల మార్పు డాక్టరు చేతిలోనే యుండవలెను.

గురక పెట్టువారిని ప్రత్యేకముగా పరీక్షింతురు. నిద్రలో మాటిమాటికి ఊపిరి ఆగు వ్యాధి స్థూలకాయులలో మెండు. మత్తుమందు ఇచ్చినప్పుడు అది ప్రమాదకరము. ముందే గుర్తించినచో ముక్కునకు తగిలించు గాలి యంత్రమును రాత్రులందు వాడించి శరీరమును కుదుటపఱతురు. పొగత్రాగుటను కనీసము ఆరు వారములు ముందే మానవలెను. నికోటిన్ రక్తనాళములను ముడుచుకొనునట్లు చేయుటచే కుట్లు మానవు. అతుకు వద్ద పుండ్లు పడును. ప్రతిదినము నడచుట, ఊపిరి గట్టిగా పీల్చు అభ్యాసము చేయుట వలన ఊపిరితిత్తులు బలపడును. లేచి తిరుగు అలవాటు శస్త్రచికిత్స తరువాత కాళ్లలో రక్తపుగడ్డలు కట్టకుండుటకు సాయపడును. ఇనుము, బి12, డి విటమినుల లోపములను ముందే పూరింపవలెను. లావుగా ఉన్నవారికి పోషణలోపమేమి యని ఆశ్చర్యపడనక్కఱలేదు. శక్తి ఎక్కువై సారము తక్కువైన భోజనము మన ఇండ్లలో సామాన్యమే.

మనస్సు సన్నాహము ఇంతకన్న కఠినము. శాకాహారియైనను మాంసాహారియైనను మన సంసారములలో ఆహారమే మర్యాద, ఆహారమే ఓదార్పు. దుఃఖము కలిగినప్పుడు, విసుగు పుట్టినప్పుడు, రాత్రి ఒంటరిగా నున్నప్పుడు తినువారు కలరు. శస్త్రచికిత్స జీర్ణాశయమును చిన్నది చేయగలదు గాని ఆ దుఃఖమును తీయలేదు. అందుచేతనే మానసిక వైద్యుడు ముందు మాటలాడును. ఇది రోగిని తిరస్కరించుటకు పెట్టు పరీక్ష కాదు. చికిత్స లేని మనోవ్యాకులత, అదుపులేని తిండి, మద్యపు అలవాటు ఉన్నచో వాటిని ముందు సరిచేసి, శస్త్రచికిత్సను కొన్నాళ్లు వెనుకకు జరుపుదురు. మద్యమును గూర్చి మఱియొక సంగతి: ప్రేవును మళ్లించు పద్ధతి తరువాత మద్యము రక్తములోనికి మిక్కిలి వేగముగా చేరును, ఆ పద్ధతివారిలో రెండవ సంవత్సరమున మద్యవ్యసనము పెరుగుచున్నట్లు 2012లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపెను.

ఒక పుస్తకములో ప్రతి దినము ఏమి తిన్నదియు, అప్పుడు ఆకలి యున్నదా లేదా, మనస్సు ఎట్లున్నది వ్రాసికొనుట మంచి సాధనము. రెండు వారములు వ్రాసినచో ఆకలికి తిన్నదెంతో, దిగులుకు తిన్నదెంతో తనకే తెలియును. తరువాత పాటింపవలసిన నియమములను కూడ ఇప్పుడే అభ్యసింపవలెను: ముద్దను మెత్తగా నమలుట, భోజనముతో నీరు త్రాగక అరగంట ఆగుట, మాంసకృత్తులను ముందు తినుట. కొత్త సంచిలో అరగిన్నెయైనను పట్టదు. ప్రేవును మళ్లించినవారు జిలేబీ వంటివి తిన్నచో చెమటలు, గుండెదడ, కడుపునొప్పి, తలతిరుగుట కలుగవచ్చును.

ఆశలను కూడ కొలతలో ఉంచుకొనవలెను. మొత్తము బరువులో సుమారు నాలుగవ వంతు, కొందఱిలో మూడవ వంతు వఱకు, మొదటి ఏడాది ఏడాదిన్నరలో తగ్గును. ఆ తరువాత నిలిచిపోవును, కొంత తిరిగి రావచ్చును. చర్మము వదులై వ్రేలాడును. కొన్ని నెలలు జుట్టు రాలును. జీవితాంతము విటమినులు వాడవలెను, రక్తపరీక్షలు చేయించుకొనవలెను. అపాయమును దాచుట న్యాయము కాదు: అమెరికాలో 4,776 మందిని పరిశీలించి 2009లో ప్రకటించిన ఫలితములలో ముప్పది దినములలోపల మరణించినవారు నూటికి 0.3 మాత్రమే, అనగా వెయ్యికి ముగ్గురు. 1987లో స్వీడనులో ఆరంభమైన పరిశోధనలో, సుమారు పదునొకండేండ్ల తరువాత లెక్క చూడగా, చికిత్స పొందినవారిలో మరణములు తక్కువగా ఉన్నట్లు 2007లో తేలెను. నిర్ణయించుకొనువాడు ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనవలెను.

ఇంటివారికి కూడ సన్నాహము కావలెను. “వదినా, ఇంకొక్క ముద్ద, నాకోసము” అని విస్తరిలో వడ్డించు ఆడపడుచు ప్రేమతోనే వడ్డించును; కాని ఆ ముద్ద కొత్త కుట్టుమీద పడును. వాంతి అగును. కావున రోగితో డాక్టరు వద్దకు పోవునప్పుడు వంట చేయువారు వెంట పోవుట మంచిది. ద్రవములు ఎన్నిదినములు, మెత్తనివి ఎప్పుడు, అన్నము ఎప్పుడు అనునది వారు కాగితముమీద వ్రాసికొని వంటింటి గోడకు అంటించుకొనవచ్చును. వాడుచున్న మాత్రలన్నిటి పేర్లు, నాటుమందులతో సహా, మఱియొక కాగితముమీద వ్రాసి మత్తుమందు డాక్టరునకు ఇయ్యవలెను. శస్త్రచికిత్సకు ముందు ఎన్ని గంటలు ఘనాహారము మానవలెనో, నీరు ఎప్పటివఱకు త్రాగవచ్చునో ఆయనయే చెప్పును.