ఇంగ్లీషు మాటలకు మన ‘జ్ఞ’
(రేడియో ప్రసంగ పాఠం)

దార్సైట్‌లో ఇండియన్ స్కూలుకి పిల్లల్ని పంపే మన ఇళ్ళలో పరీక్షల ముందు వినపడేది ఇంగ్లీషు మాటల వల్లె. కాన్షన్స్, కన్సెంట్, డిసెంట్... అన్నీ బట్టీయే. ఇంగ్లీషు బాగా రావాలని ఇంట్లో తెలుగు తగ్గించేసే తల్లిదండ్రులూ ఉన్నారు. నన్నడిగితే అది తలకిందుల పని. ఈ మాటలు విప్పే తాళంచెవి మన తెలుగులోనే ఉంది.

లాటిన్‌లో ‘సెంటీరే’ అంటే అనుభూతి చెందడం. సెన్స్, సెంటిమెంట్ అందులోంచే వచ్చాయి. ముందు ‘కాన్’ చేరితే, అంటే ‘కలిసి’ అని చేరితే, కన్సెంట్. మన ‘సమ్మతి’ చూడండి: ‘సం’ అంటే కలిసి, ‘మతి’ అంటే ఆలోచన. అదే అచ్చు! భావాలు విడిపోతే డిసెంట్, మనకి అసమ్మతి.

ఇక తెలుసుకోవడం. రికగ్నిషన్‌లో ఉన్న ‘గ్న’, మన జ్ఞానంలోని ‘జ్ఞ’ నిజంగా ఒక తల్లి పిల్లలే. సంస్కృతం, లాటిన్, గ్రీకు ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. తెలుసుకోవడం అనే అర్థమున్న ఇంగ్లీషు ‘నో’ ముందు పలకని ‘కె’ కూడా ఆ పాత ‘గ’ మిగిల్చిన గుర్తే. రికగ్నిషన్ అంటే అభిజ్ఞానం, శకుంతల ఉంగరం కథ చెబితే పిల్లలు ఇక మరిచిపోరు. తెలివి, ఎరుక మాత్రం ఈ చుట్టరికంలోకి రావు. తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదని, దాని కుటుంబం వేరని 1816లోనే ఎల్లిస్ చూపించాడు.

లాటిన్‌లో తెలుసుకోవడానికి ‘స్కీరే’ అని ఇంకో ధాతువుంది. సైన్స్, కాన్షన్స్ దాని పిల్లలు, అందుకే వాటిలో ఎస్-సి-ఐ విడిపోకుండా ఉంటాయి. ‘ముందే తెలియడం’ అనే ప్రెషియన్స్‌లోనూ అంతే. కానీ 2002లో అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీలో ప్రత్యూష్ బుద్దిగ గెలిచిన మాట ప్రోస్పిషన్స్. అర్థం దాదాపు అదే, చెవికీ దగ్గరే, కానీ అందులో ‘షన్స్’ దగ్గర ఎస్ లేదు, ఒట్టి సి-ఐ. ఎందుకంటే దాని ధాతువు ‘చూడటం’. మన దూరదృష్టిలో చూపు ఉన్నట్టే. ఆ తేడా బట్టీతో దొరకదు.

అన్నిచోట్లా ధాతువు సాయం చేస్తుందని కాదు. ‘నైస్’ కూడా స్కీరే సంతానమే! ‘ఏమీ తెలియని’ అనే లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా వచ్చింది, దారిలో ఎస్ పోయింది. మధ్యయుగపు ఇంగ్లీషులో నైస్ అంటే తెలివితక్కువ అని అర్థం. ఇది మాత్రం గుర్తు పెట్టుకోవాల్సిందే.