పాటలు కట్టిన ఎథెల్

లాలాగూడ అనగానే రైలు కార్ఖానా గుర్తొస్తుంది. ఆ కార్ఖానా 1893లో మొదలైంది. దాని చుట్టూ రైల్వే క్వార్టర్లు లేచాయి. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు కూడా అక్కడ ఉండేవి. వాళ్ళతోపాటు ఇంగ్లీషు పాట కూడా లాలాగూడకు వచ్చింది.

అదే 1893లో లండన్ పట్నంలో ఒక పెద్ద కచేరీ జరిగింది. రాయల్ ఆల్బర్ట్ హాలులో చర్చి ప్రార్థనలు పాడారు. వాటికి బాణీ కట్టింది ఒక స్త్రీ. ఆమె పేరు ఎథెల్ స్మైత్. అప్పటికి ఆమెకు 34 ఏళ్ళు.

ఆడవాళ్ళు పాట కడితే వింతేముంది? మన అమ్మమ్మలు నాట్లప్పుడు, బతుకమ్మప్పుడు ఎన్ని పాటలు కట్టలేదు! కానీ ఇంగ్లండులో కచేరీల సంగీతం అంతా మగవాళ్ళదే అనుకునేవాళ్ళు. ఆడపిల్ల ఇంట్లో పియానో వాయిస్తే మెచ్చుకునేవాళ్ళు. అదే నా పని అంటే ఒప్పుకునేవాళ్ళు కాదు.

ఎథెల్ 1858లో పుట్టింది. తండ్రి సైన్యంలో అధికారి. మన దేశంలో కూడా పనిచేశాడు. "సంగీతం నేర్చుకోను జర్మనీ పోతాను" అంది ఎథెల్. తండ్రి కుదరదన్నాడు. ఆమె పట్టు వదల్లేదు. గదిలో తలుపేసుకుంది. ఇంట్లోవాళ్ళతో మాట్లాడటం మానేసింది. చివరికి తండ్రే దిగివచ్చాడు. 1877లో, 19 ఏళ్ళ వయసులో, ఆమె జర్మనీలోని లీప్‌జిగ్ వెళ్ళింది.

అక్కడ బాణీలు కట్టటం నేర్చుకుంది. ఆ సంగీతాన్ని కాగితం మీద రాస్తారు. ఐదు అడ్డగీతలు గీస్తారు. వాటి మీద చుక్కలు పెడతారు. చుక్క పైన ఉంటే పై స్థాయిలో పాడాలి. కింద ఉంటే కింది స్థాయిలో పాడాలి. ఎంతసేపు పట్టుకోవాలో చుక్క ఆకారమే చెబుతుంది. అవే సంగీతానికి అక్షరాలు. అవి వచ్చినవాళ్ళు ఏ దేశంలో ఉన్నా ఆ బాణీని పాడగలరు.

ఎథెల్ పాటల నాటకాలు కూడా రాసింది. 1903లో అమెరికాలోని న్యూయార్క్‌లో, మెట్రోపాలిటన్ ఒపెరా అనే పేరున్న నాటకశాలలో ఒకటి ఆడారు. మళ్ళీ ఒక స్త్రీ బాణీ కట్టిన నాటకం అక్కడ ఆడింది 2016లోనే. మధ్యలో 113 ఏళ్ళు గడిచాయి!

అప్పట్లో ఇంగ్లండు ఆడవాళ్ళకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. ఓటు కోసం పోరాడే స్త్రీలతో ఎథెల్ 1910లో చేరింది. ఊరేగింపుల్లో పాడుకోను వాళ్ళకొక బాణీ కట్టి ఇచ్చింది. 1912లో ఒక మంత్రి ఇంటి కిటికీ అద్దం పగలగొట్టింది. రెండు నెలల జైలుశిక్ష పడింది. జైలు ముంగిట్లో తోటి ఖైదీలు ఆ పాట పాడుతూ నడిచేవాళ్ళు. ఎథెల్ పై కిటికీలోంచి పళ్ళు తోముకునే బ్రష్షుతో తాళం వేసిందట. చూడటానికి వెళ్ళిన ఒక సంగీతకారుడు ఈ సంగతి చెప్పాడు.

1918లో అక్కడ 30 ఏళ్ళు దాటిన కొందరు ఆడవాళ్ళకు ఓటు వచ్చింది. 1928లో మగవాళ్ళతో సమానంగా వచ్చింది. మనకైతే రాజ్యాంగమే ఆ హక్కు ఇచ్చింది. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లోనే ఆడా మగా అందరికీ ఓటు ఉంది.

వయసు మీద పడ్డాక ఎథెల్‌కు చెవులు వినపడకుండా పోయాయి. 86 ఏళ్ళ వయసులో, 1944లో చనిపోయింది. ఆమె బాణీలు మాత్రం నేటికీ కచేరీల్లో వినిపిస్తున్నాయి. రాసిపెట్టింది కాబట్టే అవి మిగిలాయి.

మీ అమ్మమ్మ పాడిన పాట మీకు గుర్తుందా? ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చు. ఆ పాటను ఒక పుస్తకంలో రాసిపెట్టండి. కింద మీ అమ్మమ్మ పేరు కూడా రాయండి.