తుపాను వెడలిన పిదప: గంజాం తీరమున బెంగయు, దాని ఉపశమనమును

2013వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గంజాం జిల్లాలోని గోపాలపురమునకు చేరువలో తీరము దాటినది. అవి దేవీనవరాత్రుల దినములు. ముందుగా హెచ్చరిక అందినందున ఇంచుమించు పది లక్షల మందిని సురక్షిత స్థలములకు చేర్చిరి. 1999 అక్టోబరు 29న పారాదీపు వైపున విరుచుకుపడిన మహాతుపానులో సుమారు పదివేల మంది మరణింపగా, ఫైలిన్ నాటి మృతుల సంఖ్య పదులలోనే నిలిచినది. ఇది అందరును గర్వింపదగిన కార్యమే. కాని నష్టపరిహారపు పట్టికలలో ఇండ్లు, పడవలు, వలలు, మొగలి పొదలు చేరును. ప్రాణము దక్కినవాని మనస్సు చేరదు. ఈ వ్యాసము ఆ చేరనిదానిని గూర్చినది.

తేదీలను వరుసగా చూడుడు. 1999 అక్టోబరు 17న గోపాలపురము దగ్గర ఒక తుపాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమున హుద్‌హుద్. 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతమున తిత్లీ. ఆశ్వయుజము వచ్చి ఈశాన్యపు గాలి తిరుగగానే ఈ తీరమున నిద్ర చెడు వారున్నారనిన ఆశ్చర్యమేమి? గోపాలపురము మొదలు సోనాపురము వరకు కడలి యొడ్డున నివసించు జాలరులలో పెక్కుమంది ఇంట తెలుగే మాటలాడుదురు. మగవారు కడలిలో నుండగా మబ్బు కమ్మినచో ఒడ్డున నున్న స్త్రీకి గుండె దడదడలాడుట సహజమే. మబ్బు విడిపోయి, పడవ ఒడ్డు చేరి, వారము గడచినను ఆ దడ తగ్గకున్నచో అది వేరు సంగతి. 1999 తుపాను గడచిన యేడాదికి ఒడిశాలోని బాలబాలికలను పరీక్షించిన మనోవైద్యులు వారిలో పలువురియందు భయము, విషాదము, పీడకలలు ఇంకను నిలిచియుండుట కనుగొనిరి.

మన భాషలో ఈ బాధలకు చక్కని పేర్లున్నవి. రాబోవు కీడును తలచి లోన కలవరపడుట గుబులు. ఏ పనియందును రుచి లేక మనస్సు క్రుంగియుండుట దిగులు. దూరమైన మనిషి కొరకో, ఊరి కొరకో తపించుట బెంగ. వైద్యులు ఆందోళన, కుంగుబాటు అని రెండు రోగములుగా చెప్పువానిని మన యిల్లాండ్రు తమ మాటలలో ఎప్పుడో వేరుచేసి యుంచిరి. గంజాం నుండి సూరత్ మగ్గములకు పోయిన కొడుకును గూర్చి తల్లి పడునది బెంగ. అప్పు తీరునో లేదోయని తండ్రి పడునది గుబులు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడికి ఉపాధ్యాయులై వచ్చి, అచ్చటనే దశాబ్దములు గడపి, 1936లో ఆ ప్రాంతము ఒడిశాలో చేరినప్పుడు ఊరు విడచి రాజమహేంద్రవరము చేరిరి. వారి మనస్సులోని మాట నేనెరుగను గాని, అట్టి వయస్సున అట్టి స్థానచలనము తేలికైనదని యెవ్వరును అనరు.

గుబులు శరీరమున ఎట్లు పనిచేయును? అపాయము తోచగానే మూత్రపిండములపై నున్న గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తములోనికి విడచును. గుండె వేగమగును, శ్వాస పైపైకి వచ్చును, చెమట పట్టును. పరుగెత్తుటకో, ఎదుర్కొనుటకో ఇది అవసరమైన యేర్పాటు. అపాయము లేకయే అది పలుమారులు మ్రోగుచున్నచో మనిషి అలసిపోవును. ఆ దడనే గుండెజబ్బనుకొని మరింత భయపడును. బరంపురమున వైద్యునికడకు పోయి కడుపు మంట, తల బరువు, ఒళ్లు నొప్పులు అని చెప్పుకొను వారిలో కొందరి అసలు రోగమిదియే. దుఃఖమును దేహముపై పెట్టి చెప్పుట మన అలవాటు.

ఇది క్రొత్త జ్ఞానమేమియు కాదు. చరకసంహిత రోగమును పెంచువానిలో విషాదమునకు అగ్రస్థానమిచ్చినది. మనోదోషములకు ధైర్యము, స్మృతి మొదలగువానిని ఔషధములుగా చెప్పినది. అయితే క్రుంగినవానితో “ధైర్యము తెచ్చుకొమ్ము” అనుట జ్వరపీడితునితో “చల్లబడుము” అనుటవంటిది. మార్గము చూపవలెను.

దడ పుట్టినప్పుడు ఊపిరిని నెమ్మదిగా పీల్చి, పీల్చినదానికంటె దీర్ఘముగా విడచుచు అయిదు నిమిషములు కూర్చున్నచో గుండె నెమ్మదించును. తుపాను కాలమున గడియకొకసారి వార్తలు చూచుట భయమును పెంచును. ఉదయ సాయంకాలములలో వాతావరణశాఖ ప్రకటన విని, తక్కిన వేళ కాగితములు మూటగట్టుట, దీపము, మంచినీరు సిద్ధపరచుట వంటి చేతిపనులు చేయుట మేలు. దిగులునకు మందు వేరు: మనస్సు కుదిరిన పిదప పనిచేయుదమని కూర్చున్నచో అది కుదరదు. ముందు చిన్న పని చేయవలెను. ఉత్సాహము వెనుక వచ్చును. స్నానము, వీధి చివరి వరకు నడక, ఒక మిత్రునితో ముచ్చట, ఇంతే మొదట. సారాయి ఆ రాత్రికి నిద్రపుచ్చి, మరునాటి దిగులును రెట్టింపు చేయును. ఇది మగవారికి మరీమరీ చెప్పవలసియున్నది.

ఇచ్చట బరంపురపు బుఢీ ఠాకురాణీ యాత్ర జ్ఞప్తికి వచ్చుచున్నది. తెలుగు మూలముల నేతవారైన దేరా వారు ముందుండి రెండేండ్లకొకసారి జరుపు ఈ యాత్రలో అమ్మవారు కన్నవారింటికి వచ్చిన ఆడపడుచు. మ్రొక్కుకొన్నవారు వేషములు కట్టి వీథులలో తిరుగుదురు. నెల దినములు ఊరంతయు ఒక యిల్లగును. దీనిని చికిత్స యనుట అతిశయోక్తి. కాని ఒంటరితనమునకు ఇంతటి విరుగుడు ఏ మందుల కొట్టులోను దొరకదు. చిక్కంతయు యాత్ర లేని నెలలలోనే. పిల్లలు విశాఖకో, హైదరాబాదునకో, విదేశములకో పోగా మిగిలిన ముదుసలులకు ఆ నెలలే పెక్కు.

దిగులుగాని గుబులుగాని రెండు వారములు విడువక, నిద్రయు ఆకలియు పనియు చెడినచో వైద్యుని చూడవలెను. బ్రతుకు వలదను తలంపు వచ్చినచో రెండు వారములు కాదు, ఆనాడే. అట్టివారిని ఒంటరిగా విడువరాదు. 2015–16 జాతీయ సర్వేలో వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మానసిక రుగ్మత గలదని తేలినది; వారిలో అత్యధికులు చికిత్స పొందుటలేదు. కారణము లేమియొక్కటే కాదు. సంబంధములు తప్పిపోవునను భయము, “పిచ్చి” యను మాట. బరంపురమున 1962లో స్థాపింపబడిన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాల ఆసుపత్రిలో మనోవైద్యులున్నారు. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్‌కు 14416 అను సంఖ్యపై రాత్రింబగళ్లు ఉచితముగా మాటలాడవచ్చును, తెలుగుననైనను, ఒడియాలోనైనను.

వైద్యుడు ఒడియావాడైనచో రోగితో రెండు భాషలు తెలిసిన యింటివారొకరు వెళ్లుట మంచిది. కాని రోగి మాటను మార్చక, గుబులును గుబులుగా, బెంగను బెంగగా విప్పి చెప్పవలెను. కుంగుబాటునకు ఇచ్చు మందులు పనిచేయుటకు రెండు మొదలు నాలుగు వారములు పట్టును. మొదటి వారమున గుణము కానరాలేదనియో, తరువాత కుదిరినదనియో వైద్యునికి చెప్పకయే మానివేయరాదు.