మూసీలో పారేది ఎవరి నీళ్లు?

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు నడిచి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది మూసీ. నిజానికి ఇది వానాకాలపు ఏరు. వానలు పడితే పారాలి, ఎండలు ముదిరితే ఇసుక తేలాలి. కానీ నడి వేసవిలో హైదరాబాద్‌లోని నాగోల్ వంతెన మీద నిలబడి చూడండి, కింద నల్లగా పారుతూనే ఉంటుంది. ఎగువన గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల గేట్లు మూసి ఉంటాయి. అక్కణ్నుంచి చుక్క దిగదు. అయినా నది ఎండదు. స్నానాల గదులు, వంటింటి సింకులు, మరుగుదొడ్లు దాన్ని ఎండనివ్వవు.

కృష్ణ నుంచి కృష్ణకు

హైదరాబాద్ తాగే నీళ్లలో పెద్ద వాటా కృష్ణది. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే దాదాపు 180 మీటర్లు. హైదరాబాద్ ఉన్నది సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన. వంద కిలోమీటర్లకు మించిన దూరం, మూడు వందల మీటర్లకు మించిన ఎత్తు. మోటార్లు పెట్టి, దశలవారీగా ఎత్తిపోస్తే తప్ప ఆ నీళ్లు మన కుళాయి దాకా రావు. ఇంత కరెంటు ఖర్చుపెట్టి తెచ్చుకున్న నీళ్లు ఇంట్లో ఉండేది కొన్ని గంటలే. గిన్నెలు తోమి, బట్టలు ఉతికి వదిలేస్తే మోరీలోకి, మోరీలోంచి నాలాకు, నాలాలోంచి మూసీకి, మూసీలోంచి మళ్లీ కృష్ణకు. కాకపోతే ఈసారి కలిసేది సాగర్ డ్యామ్‌కు దిగువన. అక్కడి నుంచి దారి పులిచింతలకు, ఆపైన విజయవాడ ప్రకాశం బ్యారేజీకి. మనం వాడి వదిలిన నీళ్ల దారిలోనే ఇంకో మహానగరం, దాని వెనక డెల్టా అంతా ఉన్నాయి.

ఇందులోనే ఇంకో సంగతి. నగరానికి మంజీర నీళ్లు 1965 నుంచే వస్తున్నాయి. మంజీర గోదావరికి ఉపనది. ఎల్లంపల్లి నుంచి నేరుగా గోదావరి నీళ్లు కూడా 2015 నుంచి వస్తున్నాయి. వాడాక ఇవన్నీ దిగేది మూసీలోకే. అంటే గోదావరి నీళ్లు కొన్ని దశాబ్దాలుగా మురుగు రూపంలో కృష్ణలో కలుస్తూనే ఉన్నాయి.

బకెట్ల లెక్క

నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలన్నది కేంద్రం పెట్టుకున్న ప్రమాణం. అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. అంటే ఒక్కొక్కరి నుంచి రోజుకు 108 లీటర్లు. నలుగురున్న ఇల్లయితే 432 లీటర్లు, ఇరవైకి పైగా బకెట్లు.

కోటి దాటిన ఊరికి ఈ లెక్క కట్టుకుంటే 2021 నాటి అంకెలు అర్థమవుతాయి. అప్పట్లో నగరంలో రోజూ పుట్టే మురుగు 1,650 ఎంఎల్‌డీ. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. ఉన్న 25 శుద్ధి కేంద్రాలూ పూర్తిగా పనిచేస్తే శుద్ధి చేయగలిగింది 772 ఎంఎల్‌డీ. సగానికి పైగా మురుగు ఎలా పుట్టిందో అలాగే నదిలోకి పోయేదన్నమాట. తర్వాత 3,866 కోట్ల రూపాయల ఖర్చుతో మరో 31 కేంద్రాలకు పని మొదలైంది. చేపట్టాల్సిన పనే, చాలా ఆలస్యంగా చేపట్టిన పని.

వరద నేర్పిన డ్రైనేజీ

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద పదిహేను వేల మందిని బలి తీసుకుందని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆ వరద తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన రెండు జలాశయాలు కట్టాలన్నది ఆయన సలహాయే. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే మనం గండిపేట అంటాం.

ఆయన పనిలో రెండో సగం గురించి తక్కువగా చెప్పుకుంటాం. నగరానికి భూగర్భ డ్రైనేజీ ఉండాలని పట్టుబట్టింది కూడా ఆయనే. 1931 నాటికి అమరిన ఆ వ్యవస్థ 54 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణానికి, 4 లక్షల 68 వేల జనాభాకు సరిపోయేలా వేసింది. ఆ రోజులకు అది చాలా గొప్ప ముందుచూపు. తర్వాత జనం ఇరవై రెట్లకు పైగా పెరిగారు. పైపులు ఆ వేగంతో పెరగలేదు.

హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ, ఇప్పటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. నగరం గర్వంగా చూపించుకునే ఈ భవనాలన్నీ మూసీ ఒడ్డున వరసగా నిలబడ్డాయి. నది చూడముచ్చటగా ఉంటుందన్న నమ్మకంతోనే వాటిని అక్కడ కట్టారు.

నాలా పుట్టింది మురుగు కోసం కాదు

హైదరాబాద్ చుట్టూ ఉన్నవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరాలి. ఆ నీటిని తీసుకెళ్లే వాగే నాలా. వాన నీటి దారి, అంతే. ఊరు పెరుగుతూ వచ్చినకొద్దీ చెరువుల్లో లేఅవుట్లు పడ్డాయి. కాలనీలు ముందు వచ్చాయి, డ్రైనేజీ లైన్లు పదేళ్లకో పదిహేనేళ్లకో వచ్చాయి. ఈలోపు ఇళ్లవాళ్లకు దగ్గర్లో కనిపించిన పల్లం నాలాయే, పైపు అందులోకి తిప్పేశారు. తర్వాత లైను వచ్చినా ఆ పైపును తీసి కొత్త లైనుకు కలిపినవాళ్లు ఎందరని?

1562లో కట్టిన హుస్సేన్‌సాగర్ కథ ఇలాంటిదే. ఒకప్పుడు దానికి నీళ్లు మూసీ నుంచి కాలువ ద్వారా వచ్చేవి. ఇప్పుడు కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు వచ్చి అందులో పడుతున్నాయి. నిండితే హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లు దోమలగూడ, అశోక్‌నగర్ల మీదుగా అంబర్‌పేట వైపు వెళ్లి మూసీలోనే పడతాయి. కూకట్‌పల్లిలో పారబోసిన నీళ్లకూ చివరి చిరునామా మూసీయే.

వాన రోజున ఇంకో చిక్కు వస్తుంది. వీధిలో నీళ్లు నిలిస్తే ఎవరో ఒకరు మ్యాన్‌హోల్ మూత లేపేస్తారు. మురుగుకు మాత్రమే సరిపోయే పైపులోకి వాన నీళ్లన్నీ దిగిపోతాయి. నాలుగు వీధుల అవతల, పల్లంలో ఉన్న బస్తీలో మరో మ్యాన్‌హోల్ ఉబికి, ఆ మురుగు గడప దాటి ఇంట్లోకి వస్తుంది. మూత లేపినవాళ్లు దీన్ని చూడరు. ఒకసారి చూస్తే మళ్లీ ఆ పని చేయరని నేను నమ్ముతాను.

అయిదు రోజుల పరీక్ష

నది ఎంత పాడైందో చెప్పడానికి వాడే కొలత బీఓడీ. నీళ్లలో ఉన్న మలినాన్ని సూక్ష్మజీవులు తినడానికి ఎంత ప్రాణవాయువు కావాలి అన్నదే ఆ లెక్క. నీటి నమూనాను సీసాలో మూసి, చీకట్లో, 20 డిగ్రీల వేడిమిలో అయిదు రోజులు ఉంచి కొలుస్తారు. అయిదే ఎందుకు? మురుగు సమస్యపై బ్రిటన్ 1898లో ఒక రాయల్ కమిషన్ వేసింది. అక్కడి నదుల నీరు సముద్రం చేరడానికి అయిదు రోజులకు మించి పట్టదు కాబట్టి ఆ గడువు పెట్టారని చెబుతారు. మన వేడి దేశంలో సూక్ష్మజీవులు చురుగ్గా ఉంటాయి. అందుకే మన ప్రయోగశాలల్లో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు చాలు.

స్నానానికి పనికొచ్చే నీళ్లలో బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. 30 దాటితే ఆ నది అత్యంత కలుషితమైనవాటి జాబితాలోకి, అంటే మొదటి ప్రాధాన్య వర్గంలోకి వెళుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018 నివేదికలో మూసీ ఆ వర్గంలోనే ఉంది.

ముక్కును నమ్మకండి

కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్, ప్రాణవాయువు లేని మురుగులో పుడుతుంది. వెండిని, రాగిని నల్లబరుస్తుంది, సిమెంటు పైపును లోపలి నుంచి తినేస్తుంది. ప్రమాదం అది కాదు. గాలిలో దాని మోతాదు కొంత దాటగానే మన ముక్కు దాన్ని పసిగట్టడం మానేస్తుంది. మూత తీసినప్పుడు గుప్పుమన్న వాసన, లోపలికి దిగిన కాసేపటికి తగ్గినట్టు అనిపిస్తుంది. గాలి బాగుందనుకుంటాడు దిగిన మనిషి. అక్కడే కుప్పకూలుతాడు. పైనున్న తోటివాడు చూసి ఊరుకోలేక అతణ్ని లాగడానికి దిగుతాడు. మ్యాన్‌హోల్ చావులు తరచూ ఇద్దరివీ ముగ్గురివీ కావడానికి కారణం ఇదే.

రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు గుంతల్లో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. 2014 తీర్పు వెనక ఉన్నది సఫాయి కర్మచారీ ఆందోళన్. దాన్ని నిలబెట్టినవారిలో ఇద్దరు మనకు దగ్గరివాళ్లు. ఒకరు కోలారు బంగారు గనుల ప్రాంతంలో పుట్టిన బెజవాడ విల్సన్, 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. రెండోవారు ఆంధ్రప్రదేశ్‌లో పేదల అధికారిగా పేరు పొందిన ఎస్.ఆర్. శంకరన్. నది శుభ్రం గురించి ఎన్ని మాటలు మాట్లాడినా, ఆ గొట్టాల్లోకి దిగే మనుషుల ప్రాణం గురించి ముందు మాట్లాడాలి.

దోమ కూడా మారింది

1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. అది మురుగును అంతగా ఇష్టపడని అనాఫిలిస్ దోమ. మూసీ ఒడ్డున సాయంత్రమయ్యేసరికి కమ్ముకునేవి క్యూలెక్స్ దోమలు. మురుగే వాటికి పుట్టిల్లు. బోదకాలును మోసుకొచ్చే దోమ ఇదే. నీళ్ల మీద గుర్రపుడెక్క పరుచుకుంటే వాటికి ఇంకా నీడ.

పారాగడ్డి

అంబర్‌పేట నుంచి ఉప్పల్ దాకా, ఇంకా దిగువకూ, మూసీ గట్ల వెంబడి నడుము ఎత్తు పచ్చగడ్డి చూసే ఉంటారు. అది పారాగడ్డి. నల్లని నీళ్లలో మొదళ్లు మునిగి ఉన్నా ముదురాకుపచ్చగా నిగనిగలాడుతుంది. ఒకసారి నాటితే చాలు, కోసినకొద్దీ మళ్లీ వస్తుంది. కొడవలి పట్టినవాళ్లు మోకాలి లోతు మురుగులో నిలబడి కోస్తారు, మోపులు కట్టి బండ్ల మీద నగరంలోని పాడిపశువులకు పంపుతారు. మురుగులోని నత్రజనే దానికి ఎరువు. అంటే మనం వదిలినదే గడ్డిగా, పాలుగా మన గ్లాసులోకి వస్తోంది. ఈ గడ్డి మీద బతికే కుటుంబాల గురించి ఆలోచించకుండా మూసీకి ఏ పథకం వేసినా అది సగం పథకమే.

ఇంకా కిందికి వెళితే వరి. పాత కాలం నుంచి మూసీ మీద అడుగడుగునా కత్వలు ఉన్నాయి. నీటిని ఆపి పక్క కాలువలకు, చెరువులకు మళ్లించే చిన్న అడ్డుకట్టలవి. నీరు వాటి వెనక నిలిచినప్పుడు మలినం అడుక్కు దిగుతుంది, అడ్డుకట్ట దూకినప్పుడు గాలి కలుస్తుంది. అంతర్జాతీయ జల నిర్వహణ సంస్థ పరిశోధకులు నగరం నుంచి దిగువకు నమూనాలు తీస్తూ వెళ్లి చూశారు. ఇలా ఒక్కో కత్వ దాటేకొద్దీ బీఓడీ, నులిపురుగుల గుడ్లు తగ్గుతూ వచ్చాయి. నగరం చేయాల్సిన పనిని ఏనాటివో రాతి కట్టలు చేస్తున్నాయి. కానీ నీటిలో కరిగిన ఉప్పును అవి ఏమీ చేయలేవు, దిగువకు పోయేకొద్దీ అది పెరుగుతుంది. దాన్ని భరించేది రైతు పొలం.

శుద్ధికి చిక్కనివి

అంబర్‌పేట శుద్ధి కేంద్రం సామర్థ్యం 339 ఎంఎల్‌డీ. అక్కడ అసలు పనివాళ్లు సూక్ష్మజీవులే. మలాన్ని, పిండిని, నూనెను తింటాయి. మందులు, లోహాలు వాటి తిండి కాదు.

స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన ప్రపంచాన్ని కుదిపింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిని వాళ్లు పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే గరిష్ఠ మోతాదు కంటే ఇది ఎక్కువ. ఒక్క రోజులో బయటికి పోతున్నది దాదాపు 45 కిలోలని, స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందుకు సమానమని లెక్క కట్టారు. అప్పుడు ఆ నీళ్లు నక్కవాగు మీదుగా మంజీరకు పోయేవి. ఆ తర్వాత 18 కిలోమీటర్ల పైపులైను వేసి, నగర మురుగుతో కలిపి అంబర్‌పేట వైపు మళ్లించారు. మంజీర భారం మూసీ మీదికి మారింది.

ఎగువన ఇంకా మిగిలినది

ఇంత చెప్పుకున్నాక కూడా, గండిపేట కట్ట మీద నిలబడితే ఎదురుగా తాగే నీళ్లే కనిపిస్తాయి. ఆ కట్టకు దిగువనే, కాస్త దూరంలో, అదే నది ముట్టుకోలేనంతగా మారిపోతుంది. ఆ తేడాను ఇన్నేళ్లు కాపాడినది 1996 మార్చి 8 నాటి 111 జీవో. రెండు జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను అది నిలువరించింది. ఈ జలాశయాల పక్కన నూనె పరిశ్రమ పెట్టడంపై నడిచిన కేసులో 1999లో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరంగా చెప్పింది. హాని జరుగుతుందన్న అనుమానం ఉంటే, జరగదని నిరూపించే బాధ్యత పరిశ్రమ పెట్టేవారిదేనంది. దేశమంతా పర్యావరణ కేసుల్లో నేటికీ ఆ తీర్పును ఉదహరిస్తారు.

2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవో ఆ ఆంక్షలను సడలించింది. మురుగు జలాశయాల్లోకి చేరకూడదని, శుద్ధి కేంద్రాలు కట్టాలని అందులో షరతులున్నాయి. మొయినాబాద్, శంషాబాద్ వైపు వచ్చే ఇళ్ల మోరీలకు నేల వాలు ఎటుందో చూస్తే భయం వేస్తుంది. ఆ మురుగు మొదట చేరేది గండిపేట, హిమాయత్‌సాగర్లకే, మూసీ ఆ తర్వాతే. కూకట్‌పల్లిలో జరిగినట్టు ఇళ్లు ముందు, లైన్లు తర్వాత వస్తే ఆ రెండు జలాశయాలూ హుస్సేన్‌సాగర్ దారి పడతాయి. శుద్ధి కేంద్రాలు, లైన్లు పూర్తయ్యాకే అక్కడ ఇంటికి అనుమతి ఇవ్వాలి.