నలుగురు కలిసి చేసే ఆల్బం

కోనసీమలో బ్యాండు అనగానే పిల్లలకు పెళ్ళి ఊరేగింపు జ్ఞాపకం వస్తుంది. బాకాలు ఊదుతూ, డ్రమ్ములు వాయిస్తూ బ్యాండు మేళం ముందు నడవకపోతే అమలాపురంలో గాని, రాజోలులో గాని, కొత్తపేటలో గాని ఊరేగింపు వెలితిగానే ఉంటుంది. కనుమనాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి వెళ్ళినవారికి మేళాల మోత ఎంత దూరం వినిపిస్తుందో తెలుసు.

ఈ మేళాలన్నీ జనం ఎదుట వాయించేవి. వాయించటం అయిపోతే ఆ పాట గాలిలో కలిసిపోతుంది. మళ్ళీ వినాలంటే మేళాన్ని మళ్ళీ పిలవవలసిందే. ఇంకొక రకం బ్యాండ్లు కూడా ఉన్నవి. వాటిలో నలుగురైదుగురు స్నేహితులు చేరి, పాటలు తామే రాసుకుని, బాణీలు తామే కట్టుకుని, తామే పాడి, వాయించి రికార్డు చేస్తారు. అటువంటి పాటలు ఎనిమిదో పదో ఒకచోట చేర్చి విడుదల చేస్తే దాన్ని ఆల్బం అంటారు.

ఆల్బం అనే పేరు ఎలా వచ్చిందో తెలుసా? పూర్వం గ్రామఫోను ప్లేటు ఒక్కొక్క వైపున మూడు నాలుగు నిమిషాల పాట మాత్రమే పట్టేది. పెద్ద కచేరీ వినాలంటే నాలుగైదు ప్లేట్లు కావాలి. వాటిని ఫొటోల ఆల్బంలాగా పుటలున్న అట్టపుస్తకంలో పెట్టి అమ్మేవారు. 1948లో అమెరికాలో ఒక్కొక్క వైపున ఇరవై నిమిషాలకు పైగా పాడే పెద్ద ప్లేటు వచ్చింది. దానితో అట్టపుస్తకం అవసరం తీరిపోయింది, కాని పేరు మాత్రం మిగిలిపోయింది. ఇప్పుడు ప్లేటు లేకుండా పాటలు ఫోనులోకి నేరుగా వస్తున్నా మనం ఆల్బం అనే అంటున్నాం.

మన తెలుగువారు వినే పాటల్లో ఎక్కువ భాగం సినిమా పాటలు. సినిమా పాటకు నిర్మాత డబ్బు పెడతాడు, దర్శకుడు సందర్భం చెబుతాడు, కవి రాస్తాడు, సంగీత దర్శకుడు బాణీ కడతాడు, గాయకులు వచ్చి పాడి వెళతారు. స్వతంత్రంగా పనిచేసే బ్యాండుకు ఈ ఏర్పాటేమీ ఉండదు. హైదరాబాదులోని చౌరస్తా అనే బ్యాండు ఇటువంటిదే. ఆ స్నేహితులు తెలుగు జానపద బాణీలను, జమైకా ద్వీపంలో పుట్టిన రెగ్గే అనే లయను కలిపి పాటలు చేశారు. అందులో అప్పట్లో ఉండిన రామ్ మిరియాల 2021లో వచ్చిన "జాతిరత్నాలు" చిత్రంలో కూడా పాడి పేరు తెచ్చుకున్నాడు. ఇటువంటి బ్యాండుకు ఏ పాట చెయ్యాలో చెప్పే పెద్ద ఉండడు. అది వారి సుఖం. పాట బాగా రాకపోతే తప్పు మోపటానికి కూడా ఎవరూ ఉండరు. అది వారి కష్టం.

పాడటం వచ్చినవారికి రికార్డు చెయ్యటంలో కష్టమేమిటని మీకు అనుమానం రావచ్చు. ఈ పని మొదట్లో ఎలా జరిగేదో చూడండి.

1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన ఇంగ్లండు నుంచి కలకత్తాకు వచ్చి, మన దేశంలో మొదటిసారిగా పాటలను ప్లేట్ల మీదికి ఎక్కించాడు. అప్పటికి రికార్డింగుకు మైకు లేదు. గోడ నుంచి పెద్ద గరాటా ఒకటి ముందుకు వచ్చి ఉండేది. పాడేవారు ఆ గరాటాలోకి గట్టిగా పాడాలి. ఆ ధ్వనికి అవతల ఒక రేకు అదిరేది, రేకుకు తగిలించిన ముల్లు తిరిగే మైనపు పళ్ళెం మీద గీత గీసేది. ఆనాడు పాడినవారిలో గౌహర్ జాన్ అనే గొప్ప గాయని ఉన్నది. రాగాన్ని గంటసేపు విస్తరించి పాడగల ఆమె దాన్ని మూడు నిమిషాల్లో ముగించవలసి వచ్చింది. పాట చివర ఆమె తన పేరు తానే చెప్పేది. ఎందుకంటే ఆ మైనపు పళ్ళేలను జర్మనీలోని హానోవరుకు పంపి అక్కడ ప్లేట్లు తయారుచేసేవారు. పాడినది ఎవరో అక్కడి పనివారికి తెలియాలి కదా!

మధ్యలో దగ్గు వచ్చినా, తబలా తప్పినా ఆ పళ్ళెం పనికిరాదు. పాట మొదటి నుంచి మళ్ళీ పాడాలి. 1925 ప్రాంతంలో మైకులు వచ్చినవి. ఆ తరవాత టేపు వచ్చింది. అయినా చాలాకాలం అందరూ ఒకే గదిలో చేరి ఒకేసారి పాడి, వాయించవలసిందే.

1963 ఫిబ్రవరి 11న లండనులో ఒక వింత జరిగింది. లివర్‌పూల్ నుంచి వచ్చిన నలుగురు కుర్రవాళ్ళు ఉదయం పది గంటలకు స్టూడియోలో ప్రవేశించి, రాత్రి పదకొండు దాటేలోగా పది పాటలు రికార్డు చేశారు. వారే బీటిల్స్. అంతకుముందే రికార్డు చేసిన నాలుగు పాటలతో కలిపి వారి మొదటి ఆల్బం తయారయింది. ఆ రోజున వారిలో ఒకడైన జాన్ లెనన్‌కు జలుబు. గొంతు చించుకుని పాడవలసిన పాట ఒకటి ఉన్నది. అది ముందు పాడితే మిగిలిన పాటలకు గొంతు ఉండదని దాన్ని అన్నిటికన్న చివరకు ఉంచారు. దాన్ని ఒక్కసారి పాడేసరికి అతని గొంతు పోయింది. ఆ ఒక్కసారి పాడినదే ఆల్బంలో ఉన్నది.

ఇది వారి అదృష్టం అనుకుంటే పొరపాటు. అంతకుముందు జర్మనీలోని హాంబర్గులో వారు రాత్రులు గంటల తరబడి వాయించారు. ఒకడు ఎప్పుడు ఏం చేస్తాడో మిగతావారికి చూడకుండానే తెలుసు. ఆ నలుగురే 1967లో మరొక ఆల్బం విడుదల చేశారు. దానికి సుమారు అయిదు నెలలు పట్టింది. కొత్తరకం ధ్వనులు కావలసివచ్చి, ఒకదాని మీద మరొకటి చేర్చుకుంటూ పోయారు.

ఇప్పుడు కంప్యూటరు వచ్చిన తరవాత, ఈ పనికి పెద్ద స్టూడియోయే అక్కర్లేదు. మైకు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోనులు, చిన్న గది ఉంటే చాలు. కంప్యూటరు మన గొంతును సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఈ మాట విని అమలాపురంలో నలుగురు స్నేహితులు ఆల్బం చెయ్యాలని సంకల్పించారనుకుందాం. ఒకడు పాడతాడు, ఒకడు గిటారు, ఒకడు వేణువు, మరొకడు డప్పు, మృదంగం. పగలు నలుగురికీ వేరే ఉద్యోగాలున్నవి. వారికి ఏమేమి ఎదురవుతుందో చూద్దాం.

మొదటి శత్రువు గది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో పోతుంది. గోడ 17 మీటర్లకు పైగా దూరంలో ఉంటే మన కేక ప్రతిధ్వనిగా వేరే వినిపిస్తుంది. చిన్న గదిలో గోడలు దగ్గర కనక ధ్వని తిరిగి వచ్చి అసలు ధ్వనితో కలిసిపోయి, మాట అలుక్కుపోతుంది. మెత్తని వస్తువులు ధ్వనిని పీల్చుకుంటాయి. అందుచేత గోడలకు బొంతలు, పరుపులు ఆనిస్తారు. కొబ్బరి పీచుకు కోనసీమలో కరువు లేదు. పీచు పరుపులు నాలుగు నిలబెడితే గది చాలావరకు దారికి వస్తుంది.

కాని బయటి చప్పుడు ఆగదు. గాలికి కొబ్బరి మట్టలు గలగలమంటాయి. పగలు లారీలు, మోటారు సైకిళ్ళు. వానాకాలంలో రాత్రి కప్పలు. మైకుకు పాట వేరు, కప్ప వేరు అన్న తేడా తెలియదు. ఫాను వేస్తే దాని చప్పుడు కూడా ఎక్కుతుంది కనక చెమటలు కక్కుతూనే పాడాలి.

రెండవ శత్రువు గాలిలోని తేమ, వేడి. ముసురు పట్టిన రోజున డప్పు చర్మం వదులై మోత మందగిస్తుంది. గడ్డిమంట వేసి కాస్త కాస్తే మళ్ళీ గట్టిపడుతుంది. అది చల్లారేలోగా పాట ముగియాలి! గదిలో వేడి పెరిగినకొద్దీ వేణువు శ్రుతి పైకి పోతుంది, గిటారు తీగెలు సాగి శ్రుతి కిందికి జారుతుంది. ఒకే గదిలో ఉన్న ఇద్దరు స్నేహితులు ఒకే వేడికి చెరొక వైపుకు పోతారన్నమాట. అందుచేత ప్రతి పాటకు ముందు శ్రుతి సరిచూసుకోవాలి.

మూడవ శత్రువు మనిషే. జనం ఎదుట పాడేటప్పుడు చిన్న తప్పు ఎవరికీ పట్టదు. రికార్డులో అదే తప్పు విన్న ప్రతిసారీ వినిపిస్తుంది. అందుకని పాడినదే మళ్ళీ పాడతారు. ఒక్కొక్కసారి పాడటాన్ని టేకు అంటారు. చెవిలో టిక్కు టిక్కుమని లయ మోగుతూ ఉంటుంది, దానితో కలిసి నడవాలి. పదిసార్లు పాడేసరికి పాట మీద విసుగు పుడుతుంది. పదకొండోసారి స్వరం సరిగా ఉంటుంది గాని ప్రాణం ఉండదు. రెండోసారి పాడినదానిలో చిన్న తప్పున్నది, కాని వింటే ఒళ్ళు పులకరిస్తుంది. ఏది ఉంచాలి? ఇక్కడే వాదం మొదలవుతుంది. వేణువు గట్టిగా వినిపించాలని ఒకడు, డప్పు గట్టిగా వినిపించాలని ఒకడు. అందరూ గట్టిగా వినిపిస్తే ఎవరూ వినిపించరు. వెనక డబ్బు చింత ఒకటి: దాచుకున్న జీతం అయిపోతున్నది, సగం పాటలు ఇంకా మిగిలి ఉన్నవి. అనేక బ్యాండ్లు సంగీతం రాక చెడవు, ఇటువంటి రాత్రులు దాటలేక చెడతాయి.

దాటే ఉపాయం ఒకటే, వినటం. తన వాద్యం కాదు, పక్కవాడి వాద్యం వినాలి. పాడేవాడు మాట పలికేచోట వేణువు ఆగాలి. డప్పు ఊపిరి తీసుకుంటే గిటారు ఆ ఖాళీని నింపాలి. పక్కవాడి పని స్వయంగా కొంత తెలిసినవాడు ఇది తేలికగా చెయ్యగలడు. ఇందుకు గొప్ప నిదర్శనం కోనసీమలోనే ఉన్నది. రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తంలో 1930 జులై 6న మంగళంపల్లి బాలమురళీకృష్ణ జన్మించారు. తండ్రి వేణువు వాయించేవారు, తల్లి వీణ వాయించేవారు. ఆయన గాయకుడుగా లోకప్రసిద్ధి పొందారు, 1991లో పద్మవిభూషణ్ అందుకున్నారు. పాడటమే కాక ఆయన వయోలా, మృదంగం, కంజీర కూడా వాయించగలిగేవారు. పక్కన మృదంగం మీద ఏం జరుగుతున్నదో ఎరిగి పాడే గాయకుడికీ, ఎరగనివాడికీ చాలా తేడా ఉంటుంది.

పాటలన్నీ రికార్డు అయిన తరవాత ఒక్కొక్క వాద్యాన్ని ఎంత గట్టిగా ఉంచాలో తేల్చి కలుపుతారు. దీన్ని మిక్సింగ్ అంటారు. వంటలో ఉప్పూ పులుపూ చూసుకోవటం వంటిదే ఈ పని. ఆత్రపడితే చెడుతుంది. అలసిన చెవికి మంచి చెడ్డలు తెలియవు కనక ఒక రోజు ఆగి, మర్నాడు ఉదయం మళ్ళీ వింటారు. నిన్న గట్టిగా వాదించినవాడే, "డప్పు కాస్త తగ్గించండిరా!" అని తనంతట తాను అనటం కద్దు.

చివరకు పేర్లు రాయాలి. పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ హక్కులున్నవి. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం వాటిని కాపాడుతుంది. 2012లో చేసిన సవరణ ఆ హక్కులను మరింత గట్టిపరిచింది. మరి, ఊడ్పుల్లో ఆడవాళ్ళు పాడే పాటో, పడవవాళ్ళ పాటో తీసుకుంటే? దాన్ని కట్టినదెవరో తెలియదు. అయినా ఏ ఊళ్ళో ఎవరి దగ్గర నేర్చుకున్నదీ రాయటం, డబ్బు వస్తే వారికీ కొంత ఇవ్వటం మర్యాద. పాట పాడి నేర్పిన ముసలమ్మ పేరు ఆల్బం మీద చూసుకుంటే ఆమె మనవలు ఎంత సంతోషిస్తారో ఆలోచించండి.

మీరూ ఈ పని కొంత చేసి చూడవచ్చు. ఇంట్లో పెద్దవారి ఫోను అడిగి తీసుకుని, ఖాళీ గదిలో ఒక పాట పాడి రికార్డు చెయ్యండి. తరవాత అదే గదిలో మంచం మీద బొంతలు, దుప్పట్లు నిలువుగా కట్టి, వాటి మధ్య కూర్చుని మళ్ళీ పాడండి. రెండూ విని తేడా గమనించండి. మీ గొంతు మీకే కొత్తగా వినిపిస్తే కంగారుపడకండి. మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోనుంచే కాక పుర్రె ఎముకలలోనుంచి కూడా మన చెవికి చేరుతుంది. రికార్డులో గాలి దారి ఒక్కటే ఉంటుంది. ఇతరులు రోజూ వినే మీ గొంతు అదే.

ఆ తరవాత మరొక స్నేహితుణ్ణి పిలిచి, బల్ల మీద తాళం వెయ్యమని, మీరు పాడండి. రికార్డు మొదటిసారి వినేటప్పుడు మీ పాట వినకండి, అతని తాళం మాత్రమే వినండి. ఇద్దరూ ఎక్కడ విడిపోయారో, ఎక్కడ కలిశారో తెలుస్తుంది. అది తెలిస్తే రెండోసారి పాట తప్పక మెరుగ్గా వస్తుంది.