నీడ ఉన్న దారే సైకిల్ బాట

కర్నూలు నుంచి దోర్నాల మీదుగా గుంటూరు వెళ్లే రహదారిపై, నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు నంద్యాల జిల్లాలోని ఒక చిన్న పట్టణం. శ్రీశైలం, వెలుగోడు జలాశయాలు దగ్గరలోనే ఉన్నా, ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 670 మిల్లీమీటర్లే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. ఇటువంటి చోట పట్టణాన్ని పచ్చగా చేయాలంటే సైకిల్ బాటనూ మొక్కల పెంపకాన్నీ విడివిడిగా చూడటం కుదరదు. నీడ లేని బాట మీద మధ్యాహ్నం ఎవరూ సైకిల్ తొక్కరు, నీరు లేనిదే నీడనిచ్చే చెట్టు పెరగదు.

నీడ అవసరాన్ని గుర్తించి కట్టిన బాట హైదరాబాద్‌లో ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ బాటకు సౌర ఫలకాలనే పైకప్పుగా అమర్చారు. ఎండను ఆపే ఆ ఫలకాల విద్యుదుత్పత్తి సామర్థ్యం 16 మెగావాట్లు. అయితే నగరం వెలుపల సాగే ఆ బాట వ్యాయామానికి వచ్చేవారికి ఉపయోగపడినంతగా బడికో, అంగడికో, పనికో వెళ్లేవారికి ఉపయోగపడదు. ఆత్మకూరు వంటి పట్టణాల పరిస్థితి ఇందుకు భిన్నం. ఊరిలోని రోజువారీ ప్రయాణాలు చాలావరకు రెండు మూడు కిలోమీటర్లలోపే ఉంటాయి కాబట్టి, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కినా పన్నెండు నిమిషాల్లో గమ్యం చేరవచ్చు. ప్రభుత్వ బడుల్లో చదివే బాలికలకు ‘బడికొస్తా’ పథకం కింద సైకిళ్లు కూడా అందాయి. కొరవడినది లారీలు, బస్సుల నుంచి వేరు చేసిన దారి. తెల్లగీత గీసి వదిలేసిన బాటను ఆటోలు, తోపుడు బండ్లు ఆక్రమించుకుంటాయి గనుక, రాతి అంచు కట్టి రెండు మీటర్ల వెడల్పయినా సైకిళ్లకే కేటాయించాలి.

సైకిల్ వాడకాన్నీ, ఊళ్లోనే మొక్కల సాగునూ ఒకేసారి చేపట్టిన దేశం క్యూబా. సోవియట్ యూనియన్ 1991లో పతనమై చమురు రాక తగ్గిపోయినప్పుడు, ఆ దేశం చైనా నుంచి పది లక్షలకు పైగా సైకిళ్లు తెప్పించుకుంది. హవానాలోని ఖాళీ స్థలాల్లో ఎత్తు మడులు కట్టి, సేంద్రియ ఎరువులతో కూరగాయలు పండించింది. ఇంధనం మళ్లీ అందుబాటులోకి వచ్చాక సైకిళ్లు తగ్గాయి గాని తోటల సాగు కొనసాగింది. కష్టకాలంలో అలవాటైన సైకిల్, కష్టం తీరాక కూడా నిలవాలంటే తొక్కేవారికి సౌకర్యం, భద్రత కనిపించాలి.

హవానాలో ఖాళీ స్థలాల్లో చేసిన సాగును మన పట్టణాల్లో ఇళ్ల మిద్దెలపైనా చేయవచ్చు. తెలుగునాట ఇళ్లపై సాగుకు ‘మిద్దె తోట’ అన్న పేరును విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చినవారిలో కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి ముఖ్యులు. ఈ తోటలో మొదట చూసుకోవలసింది బరువు. మనుషులు తిరిగే కాంక్రీటు మిద్దెను సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువుకు లెక్కగట్టి కడతారు. తడిసిన మట్టి పది సెంటీమీటర్ల మందంలోనే ఆ హద్దును చేరుతుంది. అందువల్ల ఎర్రమట్టిలో కొబ్బరిపొట్టు, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి తేలిక చేయాలి, బరువైన తొట్లను దూలాలు, గోడల మీదుగా ఉంచాలి. గోంగూర, వంగ, గోరుచిక్కుడు ఎండను కొంత ఓర్చుకుంటాయి. మిగతా ఆకుకూరలకు వేసవిలో నీడవల కట్టక తప్పదు.

ఇక నీటి లెక్క చూస్తే, వంద చదరపు మీటర్ల మిద్దెపై ఏడాదిలో పడే 670 మిల్లీమీటర్ల వాన 67,000 లీటర్లవుతుంది. ఆవిరైనది, పొంగిపోయినది పోగా ఉన్న నీటిలో కొంత తొట్టిలో నిలవచేసి, మిగిలినది వీధి చెట్ల పాదుల్లోకి ఇంకేలా గొట్టం పెడితే ఆ నీరు మురుగుకాలువ పాలు కాదు. వాన లేని నెలల్లో స్నానాల గది నీటిని ఇసుక, గులకరాళ్ల గుంతలో వడకట్టి అవే పాదులకు మళ్లించవచ్చు. వేప, కానుగ వేసవి మొదట్లోనే కొత్త ఆకు తొడిగి, నీడ అవసరమైన కాలానికి దట్టమవుతాయి. వేరు లోతుకు దిగేదాకా తొలి రెండు మూడేళ్లు నీరు పోస్తే చాలు.

కాబట్టి పురపాలక సంఘాలు రోడ్డు విస్తరణకు అంచనాలు వేసేటప్పుడే సైకిల్ బాటను, చెట్ల పాదులను, మిద్దెల నుంచి వచ్చే వాననీటి గొట్టాలను ఒకే నమూనాలో చేర్చి, బడుల దారులతో పని మొదలుపెట్టడం మేలు. రోడ్డు వేసి, అంగళ్లు ముందుకు జరిగిన తరువాత వీటికి చోటు వెతకడం ఖర్చుతోనూ తగవులతోనూ కూడిన పని అవుతుంది.