పొడుగు చేతుల స్వెటర్లూ, మనమూ

అక్టోబరు వచ్చిందంటే మా న్యూజెర్సీలో వాతావరణానికి నిలకడ ఉండదు. పొద్దున పిల్లల్ని స్కూలు బస్సెక్కించేటప్పుడు 42 డిగ్రీలు, లంచ్ వేళకి 70 (ఫారెన్‌హీట్ లెండి, ఇన్నేళ్ళకి అందులోనే ఆలోచించడం అలవాటైపోయింది). పొద్దున వేసుకున్న కోటు పదకొండింటికల్లా బరువు. అది కారులో వదిలేసి వెళ్తే సాయంత్రం వణుకు. మన పంచాంగం ప్రకారం ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. ఇక్కడి చెట్లకి అంత ఓపిక లేదు, ఆశ్వయుజం నుంచే ఎర్రబడి కార్తీకానికల్లా బోడిగా నిలబడతాయి. మన పట్టుచీరలు బీరువాలోంచి బయటికొచ్చే రోజులూ సరిగ్గా ఇవే. బతుకమ్మ, దసరా, దీపావళి. గుడి పార్కింగ్ లాట్‌లో చూడండి, ఒంటి మీద కంచిపట్టు, కాళ్ళకి స్నీకర్లు, భుజాల మీద ఇంట్లో మగాళ్ళ పాత కోటు. జాకెట్ అంటే మనకి రవిక, వీళ్ళకి కోటు. మొదటిదానికి నెల ముందు నుంచి టైలర్ చుట్టూ తిరుగుతాం, రెండోది ఏది చేతికందితే అది.

ఈసారి నేను ఫాల్ బట్టలు కొనడానికి బయల్దేరింది సరదాకి కాదు. తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ ఉద్యోగంలో చేరుతున్నాను. వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్ళాలి. మా రెండోవాడు పుట్టాక మానేసినప్పటి బట్టలు రెండు అట్టపెట్టెల్లో బేస్‌మెంట్‌లో ఉన్నాయి. తీసి చూస్తే వాటి నడుములు నా తొడలకి సరిపోయేట్టున్నాయి. ఈ తొమ్మిదేళ్ళూ లెగ్గింగ్స్, కుర్తీ, పైన మావారి ఫ్లీస్. ఎవరైనా అడిగితే "కంఫర్ట్" అనేదాన్ని. ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది కాబట్టి భుజాల దాకా బాగుంటే సరిపోయింది. ఆఫీసులో అలా కుదరదు కదా, మనిషి మొత్తం కనిపిస్తుంది.

తోడుగా మా వదిన వచ్చారు. మావారి అక్కగారు. యాభై నాలుగేళ్ళు, ఫార్మసిస్టుగా ఇరవై ఏళ్ళ నుంచి రోజుకి పది గంటలు నిలబడి పనిచేసే మనిషి. బట్టల విషయంలో ఆవిడకి భ్రమలు లేవు. "చీరకి మూడు వందల డాలర్లు పెడతావు, ఏడాదికి రెండుసార్లు కడతావు. వారానికి మూడురోజులు వేసుకునే ప్యాంటుకి అరవై పెట్టడానికి చేతులు రావా?" అన్నారు దారిలో. ఆ లెక్కకి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.

ఆదివారం వెళ్దామని ముందు అనుకున్నాం. కానీ వదినగారుండేది బెర్గెన్ కౌంటీ. అక్కడ ఆదివారాలు బట్టల కొట్లు తెరవకూడదనే పాత చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అమెరికా మొత్తానికి మాల్స్ కిక్కిరిసి ఉండే ప్రాంతాల్లో అదొకటి, అక్కడే ఈ నియమం! అందుకని శనివారం పొద్దున్నే మా వైపుకే వచ్చారు. కొట్టు తెరిచే వేళకి వెళ్ళడం మంచిది. ఫిట్టింగ్ రూముల దగ్గర వరస ఉండదు, మడతలు చెదరవు, మన సైజులు ఇంకా మిగిలుంటాయి.

సైజుల సంగతి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఫిట్టింగ్ రూములో మనల్ని ఎక్కువగా ఏడిపించేది అదే. ఆ రోజు నాకు ఒక కంపెనీ ప్యాంటు 8 సరిపోయింది, ఇంకో కంపెనీది 12 కూడా పట్టలేదు, మూడోదాంట్లో మీడియం వదులు. నేను మారలేదు, అరగంటలో మారడానికి టైమెక్కడిది? ఈ అంకెల వెనక ఒక కథ ఉంది. 1939, 40లలో అమెరికా వ్యవసాయ శాఖ (అవును, వ్యవసాయ శాఖే, గృహవిజ్ఞాన విభాగం వాళ్ళ కింద ఉండేది) ఆడవాళ్ళ కొలతల మీద పెద్ద సర్వే చేసింది. సుమారు పదిహేను వేలమందిని, ఒక్కొక్కరిని 59 చోట్ల కొలిచారు. చివరికి లెక్కలోకి తీసుకున్నది మాత్రం తెల్లజాతి స్త్రీల కొలతలనే. ఆ లెక్కల ఆధారంగా 1958లో ప్రభుత్వం ఒక ప్రమాణం ప్రకటించింది. అందులో 8 సైజు అంటే దాదాపు 31 అంగుళాల ఛాతీ, 23న్నర అంగుళాల నడుము. అది ఇప్పటి లెక్కల్లో అన్నిటికన్నా చిన్న సైజుకి దగ్గరగా ఉంటుంది. 1983లో ఆ ప్రమాణాన్ని ఎత్తేశారు. అప్పటి నుంచి ఏ కంపెనీకి ఆ కంపెనీయే కొలత. అమ్ముడుపోవడానికి పెద్ద నడుముకి చిన్న అంకె వెయ్యడం మామూలైపోయింది.

అంటే ఆ ట్యాగ్ మీద అంకె మన ఒంటిని చూసి వేసింది కాదు. మన అమ్మమ్మల్ని ఎవరూ టేపు పెట్టి కొలవలేదు. మన ఊళ్ళో టైలర్ కొలుస్తాడు, కానీ అంకె పెట్టడు, మన జాకెట్టు మనకే కుడతాడు. ఈ దేశం వచ్చాకే నేను "నా సైజు" అనే మాట నేర్చుకున్నాను.

ఇంకో మాట. పెటీట్ అని ఒక విభాగం ఉంటుంది, ఎక్కువగా ఏదో మూలన. అది సన్నగా ఉన్నవాళ్ళ కోసమని మనలో చాలామంది అటు పోరు. అది లావుకి సంబంధించింది కాదు, పొడుగుకి సంబంధించింది. అయిదడుగుల నాలుగంగుళాలు, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్ళ కోసం. చేతులు పొట్టిగా, నడుము కుట్టు పైకి, ప్యాంటు మోకాలి మలుపు మన మోకాలి దగ్గరే వచ్చేట్టు కుడతారు. నేను అయిదడుగుల రెండంగుళాలు. మామూలు స్వెటర్ వేసుకుంటే చేతులు నా వేళ్ళ చివరిదాకా వస్తాయి, వంటింట్లో గిన్నెలు తోమేటప్పుడు ముందు అవే తడుస్తాయి. పెటీట్ మీడియం వేసుకుని చేతులు చాపితే మణికట్టు దగ్గర ఆగాయి. ఎంత చిన్న విషయం! అద్దంలో చూసుకుంటే ఎవరి బట్టలో అడిగి తెచ్చుకున్నట్టు కాకుండా నా బట్టలు నేనే వేసుకున్నట్టుంది.

ఫిట్టింగ్ రూము లైట్ల గురించి చెప్పక్కర్లేదు. నెత్తి మీదినించి తెల్లటి వెలుగు, మూడు వైపులా అద్దాలు. ఇంట్లో ఎప్పుడూ చూసుకోని వీపు కూడా కనిపిస్తుంది. రెండు సిజేరియన్ల పొట్ట, కుట్టు పైన చిన్న మడత. తలుపు బయటి నుంచి వదిన, "అద్దం చూడకు, ముందు కూర్చో" అన్నారు. ఆవిడ పరీక్షలు ఆవిడకున్నాయి. బెంచీ మీద కూర్చుని చూడాలి, ప్యాంటు నడుము వెనక జారుతోందా, ముందు పొట్టలో గుచ్చుకుంటోందా. చేతులు పైకెత్తాలి, పై అరలోంచి పప్పు డబ్బా తీస్తున్నట్టు. స్వెటర్ కడుపు పైకి లేచిపోతే వద్దు. చేతులు ముందుకి చాచి స్టీరింగ్ పట్టుకున్నట్టు పెట్టాలి, భుజాల దగ్గర బిగిస్తే వద్దు. వంగాలి. చివరికి జేబులో ఫోన్ పెట్టి నడవాలి. ఆడవాళ్ళ ప్యాంట్లలో సగానికి జేబు కుట్టు ఉంటుంది, జేబు ఉండదు. ఇదేం మోసమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను మాత్రం జేబు లేని ప్యాంటు కొననని ఆ రోజే తీర్మానించుకున్నాను.

నాలుగో స్వెటర్ తలలోంచి దూర్చుకుంటుంటే వచ్చింది ఆవిరి. ఛాతీ మీద మొదలై మెడ, చెవులు, నుదురు. మూడు నిమిషాల్లో ముఖమంతా చెమట. ఏడాది నుంచి వస్తోంది నాకు, ముఖ్యంగా రాత్రిళ్ళు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, డాక్టరుకి తప్ప. ఆ టర్టిల్‌నెక్ ఊడదీసి, తలుపు తీసి, "వదినా, ఒక్క నిమిషం" అన్నాను. ఆవిడ నా ముఖం చూసి ఏమీ అడగలేదు. పర్సులోంచి కాగితం తీసి విసరడం మొదలుపెట్టారు. పోయిన నెల కూపన్ల కాగితం అది. "నాకు నలభై ఏడుకి మొదలైంది. కౌంటర్లో నిలబడి ఎవరికో బీపీ మాత్రలిస్తూ ఇలాగే తడిసిపోయేదాన్ని. మీ అన్నయ్యగారికి ఏసీ పిచ్చి పట్టిందనుకున్నావు కదూ మీరంతా, నేనే పెట్టించేదాన్ని" అన్నారు.

పదిహేడేళ్ళ పరిచయంలో మేమిద్దరం ఈ మాట ఎప్పుడూ మాట్లాడుకోలేదు. వంటలు, పిల్లల గ్రేడ్లు, ఇండియాలో అమ్మావాళ్ళ మోకాళ్ళు, అన్నీ మాట్లాడుకున్నాం. మన స్త్రీలకి సగటున నలభై ఆరు, నలభై ఏడుకే నెలసరి ఆగిపోతుంది. ఇక్కడి వాళ్ళకి ఆ సగటు యాభై ఒకటి. దానికి కొన్నేళ్ళ ముందు నుంచే ఈ ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం. అంటే మనలో చాలామందికి ఇది పిల్లలు హైస్కూల్లో ఉండగా, ఉద్యోగం మంచి రద్దీలో ఉండగా వస్తుందన్నమాట. చలిదేశంలో ఉన్ని బట్టలు వేసుకుని మరీ.

అప్పటి నుంచి మా ఏరివేత మారింది. తలలోంచి దూర్చుకునేవన్నీ పక్కన పెట్టేశాం. మెడ మూసేవి వద్దు. ముందు గుండీలుండే కార్డిగాన్లు, లోపల పల్చటి కాటన్ లేదా మెరీనో టాప్. విప్పితే కూడా మర్యాదగా ఉండాలి, అది ముఖ్యం. ఇక్కడివాళ్ళు లేయర్స్ అని ఫ్యాషన్‌గా చెప్పేది మన అవసరమే.

బట్ట ఏదో లోపలి లేబుల్ చెబుతుంది. ఎంత శాతం ఏ నూలో, ఎక్కడ తయారైందో రాసి తీరాలని ఇక్కడ చట్టం. ముందు చేత్తో తాకండి, తర్వాత లేబుల్ చూడండి, ధర ఆఖర్న. పూర్తి ఆక్రిలిక్ స్వెటర్ కొట్టులో మెత్తగానే ఉంటుంది. పది ఉతుకులకి చంకల దగ్గర ఉండలు కడుతుంది, చెమట పీల్చదు, ఆవిర్లు వచ్చేవాళ్ళకి అసలు పనికిరాదు. మెరీనో ఉన్ని సన్నగా ఉంటుంది, గుచ్చుకోదు, చెమట పీల్చుకుని కూడా వెచ్చగానే ఉంచుతుంది. ధర ఎక్కువే, కానీ రోజూ ఉతకక్కర్లేదు, ఆరేస్తే చాలు. ఆక్రిలిక్ రెండు కొనేకన్నా అది ఒకటి కొనడం నయమని నా ఉద్దేశం. పాంటీ అని ఒక రకం దళసరి అల్లిక బట్ట ఉంది, చూడ్డానికి ఆఫీసు ప్యాంటు, వేసుకుంటే లెగ్గింగ్. తొమ్మిదేళ్ళు సాగే నడుముకి అలవాటుపడ్డ నాకు అది దేవుడిచ్చిన వరం. కాష్మీర్ స్వెటర్లు కూడా తాకి చూశాను. ఆ పేరు మన కాశ్మీరుదే. ధర చూసి మళ్ళీ మడతపెట్టాను.

ఉన్ని కొన్నవాళ్ళకి మన ఇళ్ళల్లో ఒక సమస్య ఉంది, అమెరికన్ పత్రికల్లో ఎక్కడా రాయరు. తాలింపు. ఇంగువ, ఉల్లిపాయ వేగిన వాసన ఉన్నిలోకి దూరితే ఒక పట్టాన పోదు. కోట్ల క్లోజెట్ వంటింటి పక్కనే ఉంటే ఆ కోట్లు పడగ్గదికి మార్చెయ్యండి. నేను చేపల పులుసు పెట్టే రోజు పడగ్గది తలుపు కింద తువ్వాలు కూడా పెడతాను. వేసవికి ఉన్నిని దాచేటప్పుడు ఉతికి, పూర్తిగా ఆరాక దాచాలి. కలరా ఉండలు వెయ్యకండి, ఆ వాసన నవంబరు దాకా మనతోనే తిరుగుతుంది. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ పెట్టె చాలు.

రంగుల దగ్గర మాత్రం ఈ కాలం మనదే. ఆవపిండి పసుపు, ఇటుక ఎరుపు, వంకాయ రంగు, ముదురాకుపచ్చ. మన చామనఛాయకి ఇంతకన్నా నప్పే రంగులేవి? మంగళగిరి చీరల్లో ఎప్పటి నుంచో ఉన్నవే. నేను అలవాటుగా నలుపు వైపు చెయ్యి చాపితే, వదిన ఇటుక రంగు కార్డిగాన్ నా గడ్డం కింద పెట్టి చూశారు. నలుపు ప్యాంటు మీదికి అదే ఖాయమైంది. ఇంట్లో వాడకుండా పడున్న పోచంపల్లి ఇకత్ చున్నీని మెడ చుట్టూ స్కార్ఫులా చుట్టుకుంటే ఈ కార్డిగాన్‌కి సరిగ్గా సరిపోయింది. వేడి పుట్టినప్పుడు క్షణంలో తీసెయ్యొచ్చు కూడా.

మొత్తం కొన్నది తక్కువే. రెండు పాంటీ ప్యాంట్లు (జేబులున్నవి), మూడు లోపలి టాప్స్, ఇటుక రంగు కార్డిగాన్, బూడిదరంగు కార్డిగాన్. న్యూజెర్సీలో బట్టల మీద సేల్స్ టాక్స్ లేదు, అదొక ఊరట. దళసరి కోటు ఇప్పుడు కొనలేదు. పండగలు దాటాక జనవరి, ఫిబ్రవరిలో ధరలు దిగుతాయి, అప్పటిదాకా మావారిదే. వదిన తన కోసం ఏమీ తీసుకోనన్నారు, బిల్లింగ్ దగ్గర చూస్తే నా కుప్పలో ఇటుక రంగు కార్డిగాన్లు రెండున్నాయి. ఒకటి నాకన్నా ఒక సైజు పెద్దది.

సోమవారం ఆఫీసులో పదకొండింటి మీటింగులో ఆవిరి వచ్చింది. కార్డిగాన్ విప్పి కుర్చీ వెనక వేశాను, స్కార్ఫు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎవరూ చూసినట్టు లేదనుకున్నాను. మీటింగు అయ్యాక పక్క సీటు ఆవిడ, అరవై దాటి ఉంటాయి, తన డ్రాయరులోంచి అరచెయ్యంత ఫ్యాన్ తీసి, స్విచ్ వేసి, నా బల్ల వైపు తిప్పి పెట్టి, తన పనిలో తను పడిపోయింది.